తూర్పు తోటలో దీపాలార్పిన రోజులు

1వ రోజు, ఉదయం 6.10

తూర్పు తోట దీపాలు ఆర్పాను. అరవై చెట్లకు అరవై దీపాలు. పదకొండేళ్ళుగా ఈ పుస్తకంలో "దీపాలన్నీ వెలుగుతున్నాయి" అని తప్ప ఇంకో మాట రాసి ఎరగను. ఈ రోజు "ఆర్పాను" అని రాయడానికి చెయ్యి రాలేదు. కమిటీ తీర్మానం కాబట్టి రాశాను. నాకిష్టమై కాదు. ఇట్లు సంజప్ప, దీపాల గది బాధ్యుడు, ఎర్రదిన్నె.

ఈ తీర్మానం పెట్టించింది ఎవరో కాదు, నా భార్య ఓబుళమ్మ. ఆమె తోట పెద్ద. మూడు కాపులుగా దానిమ్మ చెట్లకు పూత లేదు. ఆకు మాత్రం దట్టంగా ఉంది. ఎందుకని అడిగితే ఆమె నిండు సభలో నా వైపు చెయ్యి చూపించింది.

"ఈయప్ప దీపాలు ఆర్పడు. చెట్టుకు రేయి ల్యా, పగలు ల్యా. నీళ్ళు ఎప్పుడూ పారతానే ఉంటాయి. ఇంగ అవి యాడ పండుకోవల్ల, యాడ లేసి పూయల్ల? మా అవ్వ కాలంలో అనంతపురం దిక్కు దానిమ్మ తోటను ఏడాదికొక తూరి బెట్టకు వదిలేటోళ్ళు. నీళ్ళు ఆపేసి, ఆకంతా రాలనిచ్చి, గమ్మున వదిలేటోళ్ళు. ఆ పైన నీళ్ళు పెడితే ఒకేపారి పూసేది."

పండు పడకపోతే నా దీపాలదట తప్పు! ఒక్క గంట కూడా ఆరలేదని నాకు కమిటీ వాళ్ళే పలక చేయించి ఇచ్చారు. అది ఇంకా మా గోడ మీదే ఉంది.

అధ్యక్షుడు వన్నూరప్పకు తోట మీద మొదటినుంచీ నమ్మకం లేదు. చెట్లు ముసలివైపోయాయి, నూట ఎనభై చెట్లూ పీకేసి అక్కడ రెండో గాలి యంత్రం పెడదామంటాడు. చివరికి బేరం కుదిరింది. తూర్పు తోటకు అరవై రోజులు. నలభై రోజులు నీళ్ళూ దీపాలూ బంద్, నలభయ్యో రోజున నీళ్ళు, అరవయ్యో రోజుకు మొగ్గ కనబడాలి. కనబడితే తోట మొత్తం ఉంటుంది. లేకపోతే మొత్తం పోతుంది.

ఎర్రదిన్నెను కప్పిన గుమ్మటం బయట పీల్చడానికి ఏమీ లేదు. లోపల నాలుగు వందల మందికి పాత గాలి యంత్రం ఇచ్చేది సగం, చెట్లు ఇచ్చేది సగం. అరవై చెట్లు ఆకు రాలిస్తే ఆ గాలి ఎవరిస్తారని అడిగాను.

"మనమే రోంత తక్కువ పీల్చుకుందాం. నిదానంగా నడుద్దాం, పనులు రోంత వాయిదా వేసుకుందాం. చెట్టు పండుకున్నప్పుడు మనిషి ఎగిరి దూకాల్నా?" అంది.

ఆలస్యం అమృతం విషం అని నేను. నిదానమే ప్రధానం అని ఆమె. ఇరవై రెండేళ్ళ కాపురంలో ఈ రెండు సామెతలు చెప్పుకుంటూనే బతుకుతున్నాం.

3వ రోజు, ఉదయం 7.25

తూర్పు దీపాలు ఆరి ఉన్నాయి. మిగతావి వెలుగుతున్నాయి.

అందరికీ కడియాలిచ్చారు. మణికట్టుకు వేసుకోవాలి. ఊపిరి వేగం పెరిగితే జుయ్యిమని మోగుతుంది. ఒక మనిషి కడియం రోజులో మూడుసార్లు మోగితే ఆ మనిషి ఉండే వీధి మొత్తం గంటసేపు పడుకోవాలి. వాడుకున్న గాలిని వీధంతా కలిసి తిరిగి మిగల్చాలన్నమాట. ఈ నియమం పెట్టిన మహానుభావులు నన్ను దృష్టిలో పెట్టుకునే పెట్టారని నా అనుమానం.

ఉదయం ఒకసారి మోగింది, మెట్లెక్కుతుంటే. పది గంటలకు మళ్ళీ, పడమటి తోటలో ఒక దీపం మినుకుమంటోందని పరుగెత్తితే. మూడోది మోగినప్పుడు నేను పరుగెత్తనే లేదు. మెల్లగా నడవమని నాకు చెప్తున్న వాళ్ళ మీద అరుస్తున్నాను, అంతే. మా వీధి ముప్పై ఇళ్ళూ పొయ్యిలు ఆర్పేసి చాపలు పరిచారు. పక్కింటి కుళ్ళాయప్ప అరుగు మీద పడుకునే అందుకున్నాడు.

"ఏమప్పా సంజప్పా! సంగటి పొయ్యి మీద పెట్టినా. నువ్వు పరిగెత్తితే నా సంగటి చెడాల్నా? కాలుగాలిన పిల్లి మాదిరి యాలకప్పా తిరుగుతావు?"

జవాబు చెప్పబోయాను. కడియం నాలుగోసారి మోగేలా ఉందని ఓబుళమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టింది.

10వ రోజు, సాయంత్రం 5.00

పదో రోజు కాబట్టి సభ జరిగింది. ఎర్రదిన్నెలో ఇది మొదటినుంచీ ఉన్న ఆచారం. ఏ గది పుస్తకమైనా సరే, ప్రతి పదో రోజున రాసినవాడే నిలబడి నోటితో చదవాలి. వేరేవాళ్ళు చదవడానికి వీల్లేదు. చేత్తో రాసిన అబద్ధాన్ని నోటితో చదవలేడు మనిషి అని పాతవాళ్ళ నమ్మకం. నేను గడగడా చదివేశాను. ఊపిరి తీసుకోకుండా చదవడం వల్ల కడియం మోగింది. నవ్వారు. నవ్వనీ.

17వ రోజు, మధ్యాహ్నం 12.40

ఆకులు పసుపు పచ్చబడ్డాయి.

పదకొండేళ్ళలో ఒక ఆకు పసుపెక్కితే నేనే తుంచి జేబులో వేసుకునేవాణ్ణి, ఎవరి కంటా పడకుండా. ఇప్పుడు చెట్టుకు చెట్టే పసుపెక్కితే ఎన్ని జేబులు కావాలి?

ఇరవై ఆరేళ్ళ గంగరత్న టీచరు పరుగున దీపాల గదికి వచ్చింది. ఇక్కడే పుట్టిన పిల్ల. దోసిట్లో ఎండిన ఆకు ఒకటి పట్టుకొచ్చింది.

"సార్, ఇది దానంతట అదే పడిపాయ. నేను ముట్టుకోనే ల్యా. ఒట్టు సార్. ఫిర్యాదు పుస్తకంలో రాసుకోండి."

ఆకు తనంతట తాను పడడం ఆమె పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. చూడకుండా చేసింది మా దీపాల గదే, అందులో పదకొండేళ్ళు నేనే. అప్పుడు నాకు గర్వం కలగాలి, కలగలేదు. విసుగే కలిగింది. ఫిర్యాదు తోట పెద్దకు చెప్పుకోమన్నాను.

ఓబుళమ్మ ఆమెను చెట్టు కింద కూర్చోబెట్టింది. నేను కిటికీలోంచి చూశాను. రాలిన ఆకుల మీద చెప్పుల్లేకుండా నడవమంది. గంగరత్న ఒక అడుగు వేసి, గలగలమన్న చప్పుడుకు ఉలిక్కిపడి, మళ్ళీ ఇంకో అడుగు వేసింది. ఆ తర్వాత ఇద్దరూ అరగంట అటూ ఇటూ నడిచారు. అరగంట! ఇక్కడ రెండు గొట్టాలకు తుప్పు పట్టి, గోకాల్సిన పని పేరుకుపోతుంటే.

24వ రోజు, సాయంత్రం 6.15

ఎర్రదిన్నె అంతా చెడిపోయింది. ఇది నా నివేదిక కింద రాసుకోవచ్చు.

బట్టలు నేసే గదిలో రోజుకు మూడు గంటలే పని. వంటశాలలో ఒకటే కూర. జనం అరుగుల మీద కూర్చుని జొన్నలు చెరుగుతూ, చెరగకుండా వాటిని చూస్తూ కబుర్లాడుతున్నారు. కుళ్ళాయప్ప తన తమ్ముడితో ఆరేళ్ళ తర్వాత మాట్లాడాడట. ఏమీ తోచక మాట్లాడాడట. వాళ్ళు ఎందుకు పోట్లాడుకున్నారో ఇద్దరికీ గుర్తు రాలేదట. దీన్ని ఒక ఘనకార్యంలా ఓబుళమ్మ అన్నం దగ్గర చెప్పింది.

"నువ్వు కూడా రోంత కూకోరాదా? నీ దీపాలు నువ్వు చూడకపోయినా వెలుగుతాయి" అంది.

అదే నాకు ఒళ్ళు మండించింది. నేను చూడకపోయినా వెలిగేటట్టయితే పదకొండేళ్ళు నేను చేసిందేమిటి?

32వ రోజు, ఉదయం 9.05

తూర్పు తోటలో ఆకు లేదు. ఒక్కటంటే ఒక్కటి లేదు. అరవై చెట్లూ పుల్లలు పాతినట్టు నిలబడి ఉన్నాయి.

వన్నూరప్ప ఇద్దరు మనుషుల్ని వెంటబెట్టుకొచ్చి చెట్ల మధ్య సున్నంతో గీతలు గీయించాడు. కొత్త యంత్రం పునాదికట. ఇంకా ఇరవై ఎనిమిది రోజులు ఉన్నాయి కదా అన్నాను.

"గీతే కదప్పా, యంత్రం కాదు. మొగ్గొస్తే చెరిపేస్తాం. మీ ఆడమనిషి మాట నిలబడాలనే నాకూ ఉండాది. కానీ సూడు, కట్టెలప్పా ఇవి."

ఆయన పోయాక మొదటి చెట్టు బెరడు గోరుతో గీరాను. లోపల గోధుమ రంగు. ఇంకో చెట్టు గీరాను. అదీ అంతే. పచ్చదనం కోసం ఇంకా లోపలికి గీరాలంటే భయమేసింది. ఓబుళమ్మను అడగాలి. అడగలేదు. చచ్చిపోయాయని ఆమె నోటితో వినడం నావల్ల కాదు. ఈ చెట్లు పోతే ఆమె పొద్దున లేచి ఎక్కడికి వెళ్తుంది? నాకు దీపాలెలాగో ఆమెకు ఇవి అంతకంటే ఎక్కువ. ఆ సంగతి నాకు తెలుసు, ఎప్పుడూ చెప్పకపోయినా.

33వ రోజు, సాయంత్రం 4.30

తూర్పు దీపాలు ఆరి ఉన్నాయి. మార్పు లేదు.

34వ రోజు, సాయంత్రం 4.30

ఆరి ఉన్నాయి. మార్పు లేదు.

35వ రోజు, సాయంత్రం 4.30

ఆరి ఉన్నాయి.

36వ రోజు, సాయంత్రం 4.30

ఆరి ఉన్నాయి.

38వ రోజు, ఉదయం 8.20

తూర్పు తోటలో చిగురు పుట్టింది! ఎర్రటి లేత చిగురు, అరవై చెట్లకూ. ఎర్రదిన్నె జనమంతా చూడ్డానికి వచ్చారు. నిదానంగానే వచ్చారు, కడియాల భయానికి. గంగరత్న టీచరు చప్పట్లు కొట్టింది. వన్నూరప్ప కూడా గడ్డం గోక్కుని "పర్వాల్యా" అన్నాడు.

ఓబుళమ్మ మాత్రం నవ్వలేదు. మొదటి చెట్టు దగ్గర గొంతుక్కూర్చుని మట్టిలోకి వేలు దించింది. వేలు బయటికి తీసి చాలాసేపు చూసుకుంది. తడి మట్టి. తర్వాత ఒక చిగురు విప్పి చూసింది, ఇంకొకటి విప్పింది. లోపల ఆకే ఉంది. మొగ్గ లేదు.

"మధ్యలో లేపినారు దీన్ని. ఇంగో వారం ఆగింటే అదే మొగ్గేసుండేది. ఇప్పుడు ఆకేస్తాది. అంతే" అని మెల్లగా అంది, ఎవరితోనూ కాకుండా.

దీపాల గది తాళంచెవి ఒక్కటే ఉంది. అది నా మొలతాడుకే ఉంటుంది. ఆమె నా వైపు చూడలేదు. చూసుంటే బాగుండేది.

40వ రోజు, సాయంత్రం 7.50

సభ జరిగింది. జరిగింది జరిగినట్టు రాస్తాను.

నా వంతు వచ్చింది. నిలబడి చదివాను. ముప్పై రెండో రోజు దాకా చదివాను. "ముప్పై మూడో రోజు. తూర్పు దీపాలు ఆరి..." దగ్గర ఆగిపోయాను. ఎదురుగా మూడో వరుసలో ఓబుళమ్మ కూర్చుని, ఒళ్ళో చేతులు పెట్టుకుని, నేలను చూస్తోంది. పాతవాళ్ళు ఈ ఆచారం ఎందుకు పెట్టారో నాకప్పుడు తెలిసింది. చెయ్యి ఏదైనా రాస్తుంది. నోటికి ఆ పక్కనే చెవులున్నాయి.

"ఆరి లేవు" అన్నాను. "నేనే వెలిగించాను. ముప్పై మూడు నుంచి ముప్పై ఆరు దాకా, నాలుగు రోజులు, మధ్యాహ్నం అందరూ పడుకున్న వేళ. గంటన్నర చొప్పున. బిందెలతో నీళ్ళు కూడా మోసి పోశాను. చచ్చిపోయాయనుకున్నాను. ఓబుళమ్మ మాట పోతుందనుకున్నాను. చెట్టు తప్పు కాదు, ఆమె తప్పూ కాదు. నాదే."

అంతా గోలగోలయింది. వన్నూరప్ప చెయ్యెత్తి ఆపాడు. ఆయన ముఖంలో కోపం కూడా లేదు, జాలి ఉంది. అది ఇంకా మండించింది.

"సంజప్పా, భార్య మాట నిలబెట్టేదానికి నీ మీద యేసుకుంటాండావు. బాగుంది. కానీ చెట్లు ఆకేసినాయి, ఇంగ అరవయ్యో దినానికీ మొగ్గ రాదు, ఒప్పందం ఒప్పందమే. పదకొండేళ్ళలో నువ్వు ఒక అక్షరం తప్పు రాయల్యా. ఇప్పుడు రాసినావంటే ఎవురు నమ్ముతారు?"

చూశారా నా గతి! అబద్ధం రాస్తే నమ్మారు, నిజం చెప్తే నమ్మరు. పదకొండేళ్ళ మంచి పేరు నాకు ఆ క్షణంలో గొంతుకు ఉరితాడయింది. బిందెలు చూపిస్తానన్నాను. బిందెలు ప్రతి ఇంట్లో ఉంటాయన్నారు. నేను అరిచాను. కడియం మోగింది.

ఆ మోతకు కుళ్ళాయప్ప లేచాడు.

"ఆగప్పా అధ్యక్షా! ఆ కడియాన్ని అడుగుదువు రా. ఆ నాలుగు దినాలూ మధ్యాహ్నం మా వీధిని రెండో తూరి పండబెట్టినారు. ఒక తూరి మామూలు నిద్దర, లేసి మొగం కడుక్కునేలోపల ఇంగో తూరి. నాలుగు దినాలూ! ఎవురి కడియమని అడిగితే సంజప్పదన్నారు. బిందెలు మోసే మనిషికి కాకుంటే పండుకున్న మనిషికి మోగుతాదా? నా సంగటి నాలుగు తూర్లు చెడింది. నేను సాక్షి!"

కడియాల గదిలోంచి లెక్క తెచ్చి చూశారు. మొత్తం నాలుగు రోజులూ, మధ్యాహ్నం రెండు నుంచి మూడున్నర దాకా, నా కడియం మూడేసి సార్లు మోగింది. నా తొందరే చివరికి నాకు సాక్ష్యం చెప్పింది.

తీర్మానం ఇది. తూర్పు తోటకు మళ్ళీ అరవై రోజులు, మొదటినుంచి. ఇదే ఆఖరు. దీపాల గది తాళం సంజప్ప దగ్గర ఉండకూడదు, గంగరత్న టీచరుకివ్వాలి. పుట్టిన చిగురంతా సంజప్ప చేత్తోనే తుంచాలి. ఈ పుస్తకం మాత్రం సంజప్పే రాయాలి, పదో రోజున చదవాలి.

తాళం మొలతాడు నుంచి విప్పడానికి ముడి రాలేదు. పదకొండేళ్ళ ముడి. ఓబుళమ్మ లేచి వచ్చి పళ్ళతో విప్పింది. విప్పి తన చోటికి పోయి కూర్చుంది.

రెండో బెట్ట, 6వ రోజు, ఉదయం 10.30

రోజుకు మూడు చెట్లు. స్టూలేసుకుని కూర్చుని, ఒక్కో ఆకునూ కాడ దగ్గర పట్టి కిందికి వంచి తుంచాలి. గుంజితే బెరడు చీలుతుంది. తొందరపడితే ఆ కొమ్మ పోయినట్టే. ఇంతకంటే నాకు కుదిరిన శిక్ష ఇంకొకటి ఎవరూ కనిపెట్టలేరు.

ఓబుళమ్మ మాట్లాడడం లేదు. సంగటి ముద్ద పెడుతుంది, గిన్నె జరుపుతుంది. అరిస్తే అరవచ్చు కదా అన్నాను. గిన్నె ఇంకొంచెం జరిపింది.

రెండో బెట్ట, 15వ రోజు, పదకొండు దాటింది

నలభై నాలుగో చెట్టుకు వచ్చేసరికి వెనక నుంచి ఆమె గొంతు వినిపించింది.

"చచ్చిపోయినాయని అనుకుంటే నన్నెందుకు అడగల్యా?"

ఆకు తుంచుతూనే చెప్పాను. నువ్వు అవునంటావని భయం వేసిందన్నాను.

ఆమె పక్కన కూర్చుంది. నా చెయ్యి పట్టుకుని, నా గోరుతోనే బెరడు గీరింది. గోధుమ రంగు వచ్చింది. నేను ఆగిపోబోయాను. ఆగనివ్వలేదు, ఇంకొంచెం గీరించింది. దాని కింద పచ్చగా, తడిగా ఉంది.

"నువ్వెప్పుడూ సగంలోనే ఆపుతావు. అదే నీ రోగం. నా మీద నమ్మకం ల్యాకపోతే పోనీ, ఇంగ రెండు గీతలు గీరేంత ఓపికన్నా ఉండల్ల గదా" అంది. కోపంగానే అంది. మాట్లాడింది కదా, నాకు అదే చాలు. ఇద్దరం ఆ చెట్టు పూర్తి చేశాం.

రెండో బెట్ట, 31వ రోజు, మధ్యాహ్నం

తుంచడానికి ఆకు మిగల్లేదు. పని లేదు. అలవాటుగా వచ్చి స్టూలు మీద కూర్చున్నాను. గంగరత్న అటువైపు వెళ్తూ దీపాలన్నీ బాగానే ఉన్నాయని చెప్పింది. పడమటి తోటలో ఒకటి మినుకుమంటే తీరిగ్గా నడిచివెళ్ళి మార్చిందట. దీపం ఆరిపోలేదట. నేను చూడకపోయినా వెలుగుతున్నాయి. దాని గురించి బాధపడదామని కూర్చున్నాను గానీ కునుకు పట్టింది.

రెండో బెట్ట, 53వ రోజు

టైము చూసుకోలేదు. పొద్దున అని రాస్తున్నాను.

నలభయ్యో రోజు నీళ్ళు వదిలి పదమూడు రోజులైంది. ఏమీ లేదు. వన్నూరప్ప నిన్న మళ్ళీ సున్నం తట్ట తెప్పించాడు. స్టూలు మీద కూర్చుని మొదటి చెట్టును చూస్తున్నాను. నేనే ఆకు తుంచిన కాడ దగ్గర, ఆకు పోయిన మచ్చ పక్కనే, ఆవగింజంత ఎరుపు కనిపించింది. చిగురేమో అనుకున్నాను. చిగురు మొన దేలి ఉంటుంది, ఇది గుండ్రంగా ఉంది. పక్క కొమ్మ చూశాను. రెండున్నాయి. తర్వాతి చెట్టు చూశాను. లెక్కపెట్టడం మానేశాను.

ఓబుళమ్మ పడమటి గేటు దగ్గర ఉంది. నా కాళ్ళు పరుగుకు లేచాయి. నేను వాటిని ఆపాను. ఆమె పేరు పెట్టి ఇక్కడినుంచే కేకెయ్యాలనిపించింది, అదీ ఆపాను. నడిచాను. గాలి పీల్చుకుంటూ, అరుగుల మీద వాళ్ళను పలకరిస్తూ, చేతులు వెనక్కి కట్టుకుని నడిచాను. కడియం మోగలేదు.

దూరం నుంచి ఓబుళమ్మ నన్ను చూసింది. చేతిలో చేట కింద పెట్టేసింది. ముఖం తెల్లబోయింది.

"ఏమైందప్పా? ఎప్పుడూ ల్యాంది నిదానంగా వస్తాండావు... పోయినాయా? అన్నీ పోయినాయా?"

"మొగ్గలు" అన్నాను. "మొదటి చెట్టు నుంచి చివరిదాకా. అదే చెప్దామని వస్తున్నా."

ఆమె ఒక్క క్షణం నిలబడింది. తర్వాత చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని పరుగు తీసింది. నిదానమే ప్రధానమన్న మనిషి, యాభై ఏళ్ళ మనిషి, అరుగులూ కాలవలూ దాటుకుంటూ తూర్పు తోట దాకా ఒకే పరుగు. దారిలో ఒకసారి, సున్నం గీత దగ్గర ఒకసారి, మొదటి చెట్టును వాటేసుకుని ఏడుస్తుంటే ఒకసారి, ఆమె కడియం మోగింది.

మా వీధి ముప్పై ఇళ్ళూ చాపలు పరిచాయి. కుళ్ళాయప్ప పొయ్యి ఆర్పుతూ నన్ను బండబూతులు తిట్టాడు. ఈసారి నేను కాదని చెప్పాను, నమ్మలేదు. నేనూ అరుగు మీద పడుకున్నాను.